గీతం ఉండగా నిఘంటువు ఎందుకు?

“అమరం నెమరుకు వస్తే కావ్యాలెందుకు కాల్చనా” అని, శ్లోకాల్లో ఉన్న అమరకోశమనే నిఘంటువు కంఠస్థమైతే చాలన్న పెద్దల మాట మీద నాకు అపారమైన గౌరవం ఉన్నందువల్ల, ఎస్పెరాంతో అనే కల్పిత భాషను నేర్చుకోవాలని నిశ్చయించుకున్న నాడే నిఘంటువును అటక ఎక్కించి, ఆ భాషవారు జాతీయగీతంలా పాడుకునే ‘లా ఎస్పేరో’ను కంఠస్థం చేయడానికి పూనుకున్నాను. 1887లో వార్సాలో ఆ భాషను ప్రకటించిన కంటి వైద్యుడు జామెన్‌హోఫ్ గారే ఈ గీతాన్ని కూడా రాశారు కనుక ఇంతకు మించిన ప్రామాణిక పదకోశం ఉండదని నా నిశ్చితాభిప్రాయం. ఆయన పెట్టిన 16 వ్యాకరణ సూత్రాల కంటే, కవాతు బాణీలో సాగే 24 పాదాలు నోటికి తేలికని ఒప్పుకోనివారు సంగీతద్వేషులై ఉండాలి.

మొదటి పాదంలోనే ‘మొందోన్’ దొరికింది, లోకమని రాసుకున్నాను. రెండో పాదంలో ‘మొందో’ వచ్చింది. ఇహానికొకటి, పరానికొకటి చొప్పున మాటలు కల్పించిన ఆ వైద్యుడి వేదాంతదృష్టికి మనసులోనే నమస్కరించి ముందుకు సాగాను. ‘లోకంలోకి’ అనవలసి వచ్చినప్పుడు చివర నకారం చేరుతుందని, ఉన్నది ఒకటే లోకమని తర్వాత ఎవరో సూత్రం తీసి చూపించారు గాని, అప్పటికే నా రెండు లోకాలూ స్థిరపడిపోయాయి. చిట్టచివరి పాదంలోని ‘బెన్’ కూడా అంతే. ఆ భాషలో నామవాచకమేదైనా ఓకారంతో ముగియవలసిందే అయినా, ఛందస్సు కోసం తోక కత్తిరించుకునే వెసులుబాటు కవికి ఉంది కనుక ‘బెనో’ అనే దీవెన అక్కడ ‘బెన్’ అయి కూర్చుంది. పాటలో నేర్చిన నేను ఇప్పటికీ దీవెనలన్నీ తోక లేకుండానే ఇస్తున్నాను.

రెండో చరణంలో ‘సాంగోన్’ వినిపించినప్పుడు మాత్రం నిఘంటువు అవసరం నాకు అణుమాత్రం కూడా కనిపించలేదు. తెలుగువాడికి సాంగంటే ఏమిటో ఒకరు చెప్పాలా? ఆ ధైర్యంతోనే ఒక సాయంత్రం వీడియో కాల్‌లో ఒక ఎస్పెరాంతో మిత్రుడికి, మా ఇంటిల్లిపాదికీ ‘సాంగో’ అంటే ప్రాణమని, నిద్రకు ముందు రెండైనా లేకపోతే నాకు కన్ను మూతపడదని వివరంగా తెలియజేశాను. ‘సాంగో’ అంటే నెత్తురట. పాటను ‘కాంతో’ అంటారట. ఆ మాట పాటలో ఉండి ఉంటే ఈ అపార్థమే వచ్చేది కాదు. అది కవి లోపమే తప్ప పద్ధతి లోపం కాదు.

పాటతో నేర్చిన మాటలు సమయానికి అందవని మరొక ఆక్షేపణ ఉన్నది. అందవని ఎవరన్నారు? వరుసలో అందుతాయి. ఏడెనిమిదులెంత అని అడిగితే ఏడొకట్ల ఏడు నుంచి అందుకున్న జాతి మనది. ‘గోడ’ అనే మాట నాలుగో చరణం మొదట్లో ఉంది కనుక, గోడ గురించి మాట్లాడాలంటే నేను మూడు చరణాలు పాడి రావాలి; ఈలోగా అవతలివారు కాస్త కూర్చుంటే సరిపోతుంది.

కత్తి, నెత్తురు, రెక్కలు, వేల ఏళ్ల గోడలు, మానవజాతి కల — వీటిలో దేని గురించైనా నేనిప్పుడు ధారాళంగా మాట్లాడగలను. రొట్టె, మంచినీళ్లు, మరుగుదొడ్డి ఆరు చరణాల్లో ఎక్కడా లేవు. ఏడో చరణం రాయించవలసిందిగా సంబంధిత పెద్దలకు విన్నవించుకుంటూ, అంతవరకు ఎస్పెరాంతో మహాసభల భోజనశాలలో ఎదురుగా ఉన్న రొట్టెను వేలితో చూపిస్తూ, మనం అలసిపోమని చెప్పే ఆరో చరణాన్ని పాడుతూ నిలబడడానికి నేను సిద్ధంగానే ఉన్నాను.