బిళ్ళగన్నేరు మందే, కానీ నూరి తాగించేది కాదు

బిళ్ళగన్నేరు తెలియని ఇల్లు మన దగ్గర ఉండదు, ప్రహరీ గోడ పగుల్లోంచి కూడా మొలిచేస్తుంది, నీళ్ళు పోయకపోయినా పూస్తుంది, చేదుకి మేకలు కూడా మూతి పెట్టవు. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి వాడే విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ ఈ మొక్కలోంచే వచ్చింది, అందులో అబద్ధం లేదు. కానీ ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని "పరగడుపున ఆకులు నూరి తాగించండి, కీమో అక్కర్లేదు" అని వాట్సాప్‌లో తిప్పుతుంటారే, మా గొడవంతా వాళ్ళతోనే.

అసలేం జరిగిందంటే, జమైకాలో షుగర్ తగ్గుతుందని ఈ ఆకు కషాయం తాగేవాళ్ళు. 1952లో కొన్ని ఆకులు కెనడాలో రాబర్ట్ నోబుల్ అనే పరిశోధకుడి దగ్గరికి చేరాయి. ఎలకలకి తాగించి చూస్తే షుగర్‌లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు, సరే అని సూదితో ఎక్కిస్తే ఇన్ఫెక్షన్లు వచ్చి చచ్చిపోయాయి, చూస్తే తెల్ల రక్తకణాలు దారుణంగా పడిపోయి ఉన్నాయి. లుకేమియా, అదే బ్లడ్ క్యాన్సర్, అంటేనే తెల్లకణాలు అదుపు తప్పి పెరగడం కదా, అక్కడ వెలిగింది లైటు. నోబుల్, రసాయన శాస్త్రవేత్త చార్లెస్ బీర్ కలిసి 1958 నాటికి ఈ మొక్కలోంచి విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు తీశారు, దానికి తోబుట్టువులాంటిదే విన్‌క్రిస్టిన్, దీనికి 1963లో అమెరికాలో పర్మిషన్ వచ్చింది. గమనించారా, తాగిస్తే పని చెయ్యలేదు, అక్కడే ఉంది మొత్తం విషయం.

టన్ను ఎండాకు నుంచి విన్‌క్రిస్టిన్ దొరికేది గ్రాముల్లోనే, పిల్లాడికి ఒక్కసారికి ఇచ్చేది మామూలుగా 2 మిల్లీగ్రాములు దాటదు, అదీ ఒంటి కొలత చూసి లెక్కగట్టి. కణం రెండుగా చీలేటప్పుడు లోపల దారాల్లాంటివి అల్లుకుంటాయి, వాటిని అల్లుకోనివ్వదు ఇది. నరాల్లోనూ అలాంటి దారాలే ఉంటాయి కాబట్టి దవడ నొప్పి, మలబద్ధకం, నడిచేటప్పుడు పాదం జారిపోవడం వస్తాయి. సూది ఎక్కించే రక్తనాళంలోంచి బయటికి కారితే చుట్టూ కండ చెడిపోతుంది, వెన్నులోకి పొరపాటున ఎక్కితే ప్రాణమే పోతుంది. ఇంత కొలతగా వాడాల్సినదాన్ని రోట్లో దంచి గ్లాసుతో కొలుస్తామా?

పైగా ఈ మందు ఒంటరిగా జబ్బు నయం చెయ్యదు. స్టెరాయిడ్లు, మెథోట్రెక్సేట్ అనే ఇంకో క్యాన్సర్ మందు లాంటివి కలిపి రెండు మూడేళ్ళు నడిపించాలి, అలా నడిపిస్తేనే డబ్బున్న దేశాల్లో ఈ లుకేమియా వచ్చిన పిల్లల్లో పదిమందికి తొమ్మిదిమంది దాకా బతుకుతున్నారు. మెథోట్రెక్సేట్ లాంటి మందులకి దారి వేసింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి టీమే, గొప్పలు చెప్పుకోవాలంటే ఇది చెప్పుకోవచ్చు.

మరి ఆకు పసరు వైపు ఎందుకు వెళ్తున్నారు, అంటే అమాయకత్వం ఒక్కటే కాదు. మొదటి నెలలో వారం వారం ఈ సూది పడాలి, మందుకి ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకం ఉంది సరే, ఆదిలాబాద్ నుంచో శ్రీకాకుళం నుంచో సిటీకి వచ్చి పోయే ఛార్జీలు, రూము అద్దె, పోయిన కూలి ఎవరిస్తారు? పిల్లాడి జ్వరం తగ్గి ఆడుకోవడం మొదలెట్టగానే తగ్గిపోయిందిలే అని మధ్యలో మానేస్తారు, తర్వాత జబ్బు తిరగబెడుతుంది. ఫార్వర్డులు పంపేవాళ్ళని తిట్టడం తేలికే, మేమూ తిట్టాం. ప్రభుత్వాల్ని అడిగేది మాత్రం వేరే ఉంది: ఈ పిల్లలకీ తోడొచ్చే అమ్మకీ ట్రీట్మెంట్ అయ్యేదాకా బస్ పాస్, ఆస్పత్రి పక్కన ఉండటానికి ఒక గది, ఒక వారం రాకపోతే ఫోన్ చేసి "ఏమ్మా, బాబుని తీసుకురాలేదే" అని అడిగే ఒక మనిషి.