వన్స్ మోర్‌కు స్లైడు లేదు

మా మాస్టారు తెనాలిలో ముప్పై ఏళ్ల పాటు పగలు పిల్లలకు తెలుగు చెప్పి, రాత్రుళ్లు కృష్ణుడి వేషం కట్టి, ఉద్యోగ విరమణ తరువాత, తల్లిదండ్రులకు కెనడా ఇచ్చే సూపర్ వీసా మీద బ్రాంప్టన్‌లోని కొడుకు ఇంటికి వచ్చారు. ఆయనను వారానికి రెండు సాయంత్రాలు టొరొంటోలోని ఒక చిన్న నాటక బృందం రిహార్సల్‌కు కారులో దింపి, తిరిగి ఇంటికి చేర్చే పని నాకు పడింది. మైనస్ పద్దెనిమిది డిగ్రీల చలిలో కారులో కూర్చోలేక లోపలికి వెళ్లడమే నేను చేసిన పొరపాటు. ఖాళీగా కూర్చున్న మనిషిని చూస్తే ఏ నాటక బృందమూ ఊరుకోదు. మూడో వారానికల్లా నా ముందు ఒక ల్యాప్‌టాప్, చెవికి ఒక హెడ్‌సెట్ వచ్చి చేరాయి.

ఆ బృందం ఆడబోయేది శ్రీకృష్ణ రాయబారం. దుర్యోధనుడు నున్నటి గుండుతో, ఆరడుగుల ఎత్తుతో ఉండే యోరుబా నటుడు. అతడి రాకను డుండున్ అనే డప్పు ప్రకటిస్తుంది. యోరుబా భాషలో స్వరం హెచ్చుతగ్గులను బట్టి మాటకు అర్థం మారుతుంది కాబట్టి, చంకలో ఇరికించుకున్న ఆ డప్పు తాళ్లను నొక్కి స్వరం మారుస్తూ దాని చేత నిజంగానే మాటలు పలికిస్తారు. ద్రౌపది బధిర నటి. నడుమ నడుమ సభలోకి వచ్చి, అమెరికన్ సైన్ లాంగ్వేజ్‌లో తన మాట చెప్పి వెళుతుంది. హార్మోనియం వాయించే పెద్దమనిషి పూర్వీకులు చెరకు తోటల్లో కూలికి ఓడ ఎక్కి గయానా చేరినవాళ్లు. ఆయనకు తెలుగు రాదు, మాస్టారికి ఆయన ఇంగ్లీషు అర్థం కాదు. అయినా శ్రుతి కుదిరిన మొదటి సాయంత్రమే ఇద్దరూ బావా బావమరుదుల్లా అయిపోయారు.

దర్శకురాలు చిన్నతనంలో చిలీ నుంచి వచ్చిన మనిషి. 1985లో పీటర్ బ్రూక్ ఫ్రాన్స్‌లోని అవిన్యోన్ ఉత్సవంలో, ఒక రాతి క్వారీలో, తొమ్మిది గంటల మహాభారతం ఆడించాడనీ, అందులో ద్రౌపది మల్లికా సారాభాయి అయితే ద్రోణుడు జపాన్ నటుడు యోషి ఓయిడా అనీ, ఆ ప్రయోగాన్ని ఆకాశానికెత్తినవారితో పాటు ఇతరుల సంప్రదాయాన్ని తనకు కావలసినట్టు కత్తిరించుకున్నాడని తప్పుపట్టినవారూ ఉన్నారనీ, కాబట్టి మన ఆటలో ఎవరి పద్ధతినీ ఎవరూ కత్తిరించరాదనీ ఆవిడ మొదటి రోజే చెప్పింది. నేను అనువదించిన ఆ ఉపన్యాసంలో మాస్టారి చెవిన పడింది తొమ్మిది గంటలు అన్న మాట ఒక్కటే. "అదీ నాటకమంటే. పద్యాలు సరిగ్గా పాడి ఉంటారు" అన్నారు. మా ఆట నిడివి గంటన్నర.

ప్రేక్షకుల్లో కూడా ఎవరూ బయట మిగిలిపోకూడదన్నది బృందం పట్టుదల. చూపు లేనివారిని ఆటకు ముందే వేదిక ఎక్కించి గదనూ కిరీటాన్నీ తడిమి చూడనిస్తారు. ఆట నడుస్తున్నంతసేపూ నా పక్క కుర్చీలోని అమ్మాయి వారి ఇయర్‌ఫోన్లలోకి వేదిక మీది కదలికలను మెల్లగా వర్ణిస్తుంది. చీకటిలో కదలకుండా కూర్చోలేనివారి కోసం దీపాలు పూర్తిగా ఆర్పరు, లేచి తిరిగినా ఎవరూ ఏమీ అనరు. ఈ ఆఖరి ఏర్పాటును దర్శకురాలు ఎంతో సంకోచిస్తూ వివరించగా, మాస్టారు "మా ఊళ్లో ఎప్పుడూ అంతేగా" అని తేల్చేశారు. బధిరుల కోసం వేదిక పక్కన సైగల అనువాదకురాలు నిలబడుతుంది. అందరి కోసం పైన తెర మీద అన్ని మాటలూ ఇంగ్లీషులో వస్తాయి. సర్‌టైటిల్స్ అనే ఆ విద్య పుట్టింది కూడా ఈ టొరొంటోలోనే, 1983 జనవరిలో, కెనడియన్ ఒపేరా కంపెనీ వారి ప్రదర్శనతో. దాని పరువు తీయడానికి ఇదే ఊరు దొరకడం నా దురదృష్టం.

అద్దాల కిటికీ ఉన్న గదిలో కూర్చుని ఆ తెరను నడిపేది నేను. నా దగ్గర 312 స్లైడులున్నాయి. నటుడు నోరు తెరిచిన క్షణానే మీట నొక్కాలి. ముందు నొక్కితే హాస్యం చస్తుంది, వెనక నొక్కితే కొందరు నవ్వడం మానేశాక మరికొందరు మొదలుపెడతారు. మాస్టారి పెద్ద పద్యం 145 నుంచి 147 వరకు. రిహార్సల్‌లో ఆయన దానిని యాభై సెకన్లలో ముగించేవారు. నేను దానినే కొలతగా తీసుకున్నాను. ఖాళీ కుర్చీలకు రాగం దేనికని ఆయన పొదుపు చేస్తున్నారని నాకు తట్టలేదు.

శనివారం రాత్రి మిసిసాగా నుంచీ బ్రాంప్టన్ నుంచీ మనవాళ్లు నలభై మంది వచ్చి వెనక వరుసలు నింపేశారు. వారిని చూసి భయపడవలసింది పోయి సంతోషించాను. మాస్టారు పద్యం ఎత్తుకుని, చివరి పాదంలోని చివరి అక్షరాన్ని పట్టుకుని మోహనలోకి ఎక్కారు. ఎక్కినవారు దిగలేదు. తెర మీద "ఐదుగురికి ఐదూళ్లు చాలు" అన్న వాక్యం అలాగే నిలిచిపోయింది. ఒక నిమిషం గడిచేసరికి ముందు వరుసలోని తెల్లజుట్టు పెద్దాయన, ఇంత అడుగుతున్నప్పుడు ఇచ్చేస్తే పోలేదా అన్నట్టు దుర్యోధనుడి వంక చూశాడు. అనువాదకురాలు "పాడుతున్నాడు" అని సైగ చేసింది, కొంతసేపటికి "ఇంకా పాడుతున్నాడు" అని చేసింది, ఆ తరువాత మాటలు వదిలేసి గమకం వెంట చేతిని అలలా ఊపసాగింది. నా పక్కనున్న అమ్మాయి "కృష్ణుడు చేయి పైకెత్తాడు" అని గుసగుసగా చెప్పి, కాసేపాగి, "చేయి ఇంకా పైనే ఉంది" అంది.

రాగం ముగిసింది. దుర్యోధనుడు కోపంగా లేచాడు. వెనక వరుసలు ఒక్క గొంతుతో "వన్స్ మోర్!" అన్నాయి. మాస్టారు దుర్యోధనుణ్ణి కూర్చోమని చేత్తో సైగ చేసి, పద్యం మళ్లీ మొదటి నుంచి అందుకున్నారు.

నేను రెండు స్లైడులు వెనక్కి వెళ్లవలసి ఉండగా, తత్తరపాటులో వేలు పోయి హోమ్ మీట మీద పడింది. తెర మీద మొదటి స్లైడు ప్రత్యక్షమైంది: "స్వాగతం. దయచేసి సెల్‌ఫోన్లు ఆపివేయండి. అత్యవసర ద్వారాలు మీకు ఇరువైపులా ఉన్నాయి." కృష్ణ పరమాత్మ చెప్పాక తప్పుతుందా, సగం హాలు సంచులలో ఫోన్ల కోసం వెతుక్కుంది. 145 అంకె కొట్టి ఎంటర్ నొక్కితే సరిపోతుందని నాకు ఎవరో మరునాడు చెప్పారు. అప్పుడు మాత్రం బాణం మీటను టకటకా నొక్కాను. అంతవరకూ జరిగిన కథంతా తెర మీద పరుగులు తీసింది. లెక్క తప్పి, కుదురుకునేసరికి ఒక స్లైడు ముందున్నాను.

దుర్యోధనుడు లేచి, రొమ్ము చరుచుకుని, సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనని గర్జించాడు. అతడి గుండు పైన తెర మీద "ఈ జుట్టు చూశావా? ఇంకా ముడవలేదు" అని పడింది. ద్రౌపది వచ్చి కన్నీళ్లతో తన జుట్టు చూపింది. తెర "తప్పుకోండి, రాజు వస్తున్నాడు" అంది. అది డప్పు చెప్పవలసిన మాట. అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువగా నవ్వినవారు ద్రౌపది సైగలు నేరుగా అర్థమయ్యే బధిర ప్రేక్షకులు. హెడ్‌సెట్‌లో ఎవరో ఏదో అరుస్తున్నారు గానీ నాకు ఒక్క ముక్క అందలేదు. ద్రౌపది మాత్రం శోకం చెడకుండానే, కురుసభ మీదుగా నా గది వైపు చూసి, ఒక వేలు చూపి, బొటనవేలితో వెనక్కి అంది. సైగల భాష బొత్తిగా రాని నాకు కూడా అది అర్థమైంది.

తిరుగు ప్రయాణంలో మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "రెండో వన్స్ మోర్ వచ్చేదేనయ్యా. నీ సెల్‌ఫోన్ల గొడవలో పోయింది" అన్నారు.

"రేపు ఎన్నిసార్లు పాడతారు మాస్టారూ?" అని అడిగాను.

"నన్నడుగుతావేం? అది జనం చేతిలో ఉంటుంది" అన్నారు.

ఆ రాత్రి రెండింటి దాకా కూర్చుని, పద్యం స్లైడులకు మరి మూడు ప్రతులు తీసి, రాగానికి నల్ల స్లైడులు ఇరికించి, దేనికైనా సిద్ధమయ్యాను. ఆదివారం తెల్లవారేసరికి మోకాలి లోతు మంచు పడింది. మనవాళ్లు ఒక్కరూ రాలేదు. వచ్చిన ఇరవై మంది టొరొంటో మర్యాదస్తులు, ఆట ముగిసేదాకా చప్పట్లు కూడా దాచుకునే రకం. మాస్టారు పద్యాన్ని యాభై సెకన్లలో ముగించి, ఎత్తిన చేయి దించకుండా హాలు వైపు చూస్తూ నిలబడ్డారు. ఎవరూ కదలలేదు. నా ఎదుట మూడు ప్రతులూ వరుసగా కాచుకుని ఉన్నాయి.

గది కిటికీ అద్దం పక్కకు జరిపి, నేనే "వన్స్ మోర్!" అని కేక వేశాను. హార్మోనియం పెద్దమనిషి వెంటనే శ్రుతి అందుకున్నాడు. లేవబోతున్న దుర్యోధనుడు ఎవరూ చెప్పకుండానే మళ్లీ కూర్చున్నాడు.