ఒకే రాజ్యం, రెండు సంతకాలు: ఫారో దీవుల్లో స్వపరిపాలన ఎక్కడ ఆగుతుంది?

ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవులు డెన్మార్క్ రాజ్యంలో స్వపరిపాలన ఉన్న భాగం. 2013 ఆగస్టులో యూరోపియన్ యూనియన్ వాటి హెరింగ్ చేపలపై ఆంక్షలు పెట్టింది. మొత్తం వేటలో 5 శాతంగా ఉన్న తమ వాటాను ఫారోవాళ్లు ఎవరినీ అడక్కుండా 17 శాతానికి పెంచుకున్నారన్నది అభియోగం. యూనియన్ సభ్యదేశం కనుక డెన్మార్క్ తన రాజ్యంలోని భాగం నుంచి వచ్చిన ఆ సరుకునే తన రేవుల్లోకి రానివ్వలేదు. నవంబరులో అదే డెన్మార్క్ ఫారో తరఫున ప్రపంచ వాణిజ్య సంస్థలో యూనియన్‌పైనే ఫిర్యాదు చేసింది. అక్కడ ఫారోకు సొంత కుర్చీ లేదు మరి!

18 దీవులు, దాదాపు 55 వేల మంది. మన లెక్కలో ఒక మండలం. 1946 రెఫరెండంలో స్వాతంత్ర్యానికి స్వల్ప మెజారిటీ వచ్చినా డెన్మార్క్ రాజు స్థానిక పార్లమెంటు లోగ్‌టింగ్‌ను రద్దు చేశాడు. రాజీగా 1948లో స్వపరిపాలన చట్టం వచ్చింది. 1973లో డెన్మార్క్ యూరప్ కూటమిలో చేరితే, చేపల వేటపై పట్టు పోతుందని ఫారో బయటే ఉండిపోయింది.

2005 చట్టం ప్రకారం రాజ్యాంగం, పౌరసత్వం, సుప్రీంకోర్టు, విదేశాంగ-రక్షణ విధానం, కరెన్సీ తప్ప ఏ శాఖనైనా ఫారో తీసుకోవచ్చు. మెలిక ఒక్కటే: శాఖ ఎవరిదో ఖర్చు వారిదే. చర్చి 2007లో చేతికొచ్చింది; పోలీసు, న్యాయస్థానాలు ఇంకా డెన్మార్క్‌వే. డెన్మార్క్ ఏటా ఇచ్చే సుమారు 64 కోట్ల క్రోనర్ల గ్రాంటు ఎలాగూ ఉంది కాబట్టి తొందర పడే నాయకులు తక్కువ. ఇది పిరికితనం కాదు. ఎగుమతుల్లో 90 శాతానికి పైగా చేపలే అయినచోట, వేట సరిగా లేని ఒక్క ఏడాది చాలు బడ్జెట్ తలకిందులవడానికి.

అసలు చిక్కు ఉమ్మడి శాఖల్లో, అంటే ఇంకా డెన్మార్క్ చేతిలోనే ఉన్నవాటిలో ఉంది. డెన్మార్క్ చేసిన చట్టం ఇక్కడ దానంతటదే అమల్లోకి రాదు. లోగ్‌టింగ్‌ను సంప్రదించాక రాజ శాసనంతో వర్తింపజేయాలి. ఆ పని వెనకబడితే కోపెన్‌హేగన్‌లో సవరించేసిన చట్టం పాత రూపంలోనే ఇక్కడ నడుస్తూ ఉంటుంది. డెన్మార్క్ ప్రతినిధి లోగ్‌టింగ్‌లో కూర్చుని ఉమ్మడి విషయాలపై మాట్లాడగలడు, ఓటు వేయలేడు. నోట్లూ అంతే: యాభై క్రోనా నోటు మీద పొట్టేలు కొమ్ము ఫారోది, జారీ చేసేది డెన్మార్క్ కేంద్ర బ్యాంకు.

హెరింగ్ పేచీ 2014 ఆగస్టులో సర్దుబాటైంది. హాంకాంగ్‌లా విడి కస్టమ్స్ ప్రాంతంగా (సొంత సుంకాలు వేసుకునే ప్రాంతంగా) వాణిజ్య సంస్థలో సొంత సభ్యత్వం కావాలన్న ఫారో కోరిక మాత్రం అలాగే ఉంది. చేపలపై నిర్ణయం ఫారో రాజధాని టోర్స్‌హావ్న్‌దే అయినప్పుడు, దానిపై వచ్చే తగాదాలో వాదించే హక్కు కూడా అక్కడే ఉండాలి.