పూర్తయిన పదిహేనేళ్ళకు విడుదలైన ‘కెప్టెన్ బ్లడ్’: ఆలస్యమే కాపాడిందా?

2025 మే 6న ‘కెప్టెన్ బ్లడ్’ అనే వీడియో గేమ్ పీసీ, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, నింటెండో స్విచ్ అనే గేమ్ యంత్రాలలో విడుదలైంది. సముద్రపు దొంగ ఒకడు కత్తి పట్టుకుని ఓడ డెక్కు మీద స్పానిష్ సైనికులను డజన్ల కొద్దీ నరుక్కుంటూ పోతాడు. స్థూలంగా ఆట ఇదే. హ్యాక్ అండ్ స్లాష్ అని పిలిచే ఇలాంటి నరుకుడు ఆటలు ఏటా వస్తూనే ఉంటాయి, పోతూనే ఉంటాయి. దీని సంగతి వేరు. ఇది 2010లోనే పూర్తయింది. పని మొదలైంది 2003లో. అంటే తయారీకి ఏడేళ్ళు, తయారయ్యాక జనం కంట పడటానికి పదిహేనేళ్ళు.

ఇలాంటి వార్త చూడగానే ‘పట్టుదల ఉంటే సాధించలేనిది లేదు’ అని రాసేయాలనిపిస్తుంది. కానీ ఆ ఇరవై రెండేళ్ళనూ ఒకే గాటన కట్టేస్తే అసలు విషయం మరుగున పడిపోతుంది. మొదటి ఏడేళ్ళ కష్టాలు చేతులారా తెచ్చుకున్నవి. అవి ఆటను పాడుచేశాయి. తర్వాతి పదిహేనేళ్ళ కష్టం కాగితాలది. అది మాత్రం, వినడానికి వింతగా ఉన్నా, ఆటకు మేలే చేసింది.

మొదట దీన్ని మొదలుపెట్టింది మాస్కోకు చెందిన అకెల్లా. సముద్రపు దొంగల ఆటల్లో అప్పటికే చెయ్యి తిరిగిన సంస్థ. 2000లో వాళ్ళు చేసిన ‘సీ డాగ్స్’లో చిన్న ఓడతో మొదలవుతాం. ఒక రేవులో సరుకు కొని ఇంకో రేవులో అమ్ముకోవచ్చు. ఇంగ్లండ్, ఫ్రాన్స్, స్పెయిన్‌లలో ఎవరి జెండా కిందైనా చేరవచ్చు, ఎవరికీ చెందకుండా దొంగగానే మిగలవచ్చు. యుద్ధంలో గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి. ఎదుటి ఓడను పట్టుకున్నాక దాని కెప్టెన్‌తో కత్తియుద్ధం. ఆట గజిబిజిగా ఉండేది, బగ్గులకు లోటు లేదు, అయినా అందులో సముద్రం ఉండేది. దానికి రెండో భాగంగా మొదలైన ఆట మధ్యలో డిస్నీతో ఒప్పందం కుదరడం వల్ల 2003లో ‘పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్’ పేరుతో బయటికొచ్చింది. పేరైతే సినిమాది. లోపల మాత్రం ఆ సినిమా హీరో జాక్ స్పారో మచ్చుకైనా కనిపించడు! సినిమాలోని బ్లాక్ పెర్ల్ ఓడ ఉంటుంది, హీరోయిన్ కీరా నైట్లీ గొంతు కాసేపు వినిపిస్తుంది, అంతే. గాలి ఎటు వీస్తే అటు తెరచాప తిప్పే అలవాటు ఆ సంస్థకు అప్పటికే పట్టుకుంది.

‘కెప్టెన్ బ్లడ్’ కూడా మొదట ‘సీ డాగ్స్’ దారిలోనే ఓపెన్ వరల్డ్ ఆటగా, అంటే ఇష్టమొచ్చిన చోటికి తిరగగలిగే ఆటగా పుట్టింది. తర్వాత ప్రాజెక్టు 1సీ అనే రష్యన్ సంస్థకు చెందిన సీ వుల్ఫ్ స్టూడియో చేతికి వెళ్ళింది. ఈలోగా 2005లో సోనీ ‘గాడ్ ఆఫ్ వార్’ విడుదల చేసింది. మన ఊళ్ళలో పీఎస్2 పెట్టి గంటకింత అని వసూలు చేసిన గేమ్ పార్లర్లలో కూర్చున్నవాళ్ళకు దాని హీరో క్రేటోస్ గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఒకటే బటన్ దబదబా నొక్కుతుంటే తెరనిండా రక్తం, చివర్లో తెర మీద కనిపించిన బటన్ సరిగ్గా ఆ క్షణానికి నొక్కితే రాక్షసుడి తల తెగిపడటం. ఆ తర్వాత నాలుగైదేళ్ళ పాటు యాక్షన్ ఆట తీసే ప్రతివాడికీ అదే కావాలి. ‘కెప్టెన్ బ్లడ్’నూ మళ్ళీ మళ్ళీ విప్పి కుట్టారు. ఓడ నడిపే ఆట కాస్తా నరుకుడు ఆట అయిపోయింది. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టయింది.

ఇక్కడ పోయిందేమిటో తెలియాలంటే ఆ పేరు ఎవరిదో చూడాలి. రఫేల్ సబాటినీ 1922లో రాసిన నవలలో పీటర్ బ్లడ్ ఒక డాక్టరు. కథ మొదలయ్యే వేళకి ఇంగ్లండ్‌లోని బ్రిడ్జ్‌వాటర్ ఊళ్ళో తన కిటికీ దగ్గర నిలబడి పైపు కాల్చుకుంటూ జెరేనియం మొక్కలు చూసుకుంటూ ఉంటాడు. బయట వీధిలో జనం 1685లో రాజు మీద జరిగిన మన్మత్ తిరుగుబాటులో చేరడానికి ఉరకలేస్తుంటే వాళ్ళను పిచ్చివాళ్ళ కింద లెక్కగడతాడు. తర్వాత గాయపడ్డ తిరుగుబాటుదారుడికి వైద్యం చేసిన నేరానికి, జడ్జి జెఫ్రీస్ పుణ్యమా అని, కరీబియన్ దీవి బార్బడోస్‌కు బానిసగా వెళతాడు. అక్కడ కల్నల్ బిషప్ అతన్ని పది పౌండ్లకు కొంటాడు. గవర్నరు గారి కాలినొప్పి తగ్గించినందుకు ఊళ్ళో తిరిగే స్వేచ్ఛ దొరుకుతుంది. ఆ స్వేచ్ఛతోనే పారిపోయే పథకం వేస్తాడు. ఇది గాల్లోంచి పుట్టిన కథ కూడా కాదు. హెన్రీ పిట్మన్ అనే నిజమైన వైద్యుడు ఇదే తిరుగుబాటు కేసులో బార్బడోస్‌కు వెళ్ళి, తప్పించుకుని తిరిగొచ్చి, 1689లో తన అనుభవాలను అచ్చువేయించాడు.

బ్లడ్ గెలిచేది బుర్రతో. నవలలో దక్షిణ అమెరికా తీరంలోని మరకైబో ఘట్టం ఒక్కటి చూస్తే చాలు. అక్కడ సరస్సులోంచి సముద్రంలోకి పోయే ఇరుకు దారిలో స్పానిష్ కోట అడ్డం, కోట నిండా ఫిరంగులు. బ్లడ్ పడవల నిండా మనుషులను కూర్చోబెట్టి ఒడ్డుకు పంపిస్తాడు. తిరిగొచ్చేటప్పుడు పడవలు ఖాళీగా కనిపిస్తాయి. నిజానికి మనుషులందరూ అడుగున పడుకుని వెనక్కి వచ్చేస్తుంటారు. ఇలా రోజంతా. కోటలో ఉన్నవాళ్ళు దొంగలు నేల మీది నుంచి దాడి చేస్తారనుకుని ఫిరంగులను అటువైపు తిప్పించేస్తారు. రాత్రికి బ్లడ్ నీటి దారిలో దర్జాగా దాటిపోతాడు. 1669లో హెన్రీ మోర్గన్ అనే నిజమైన సముద్రపు దొంగ అదే మరకైబోలో నిజంగా వేసిన ఎత్తు ఇది. సబాటినీ దాన్ని తన హీరోకు ఇచ్చాడు. ఒక్క కత్తి కూడా దూయకుండా సాధించిన గెలుపు.

ఇలాంటి మనిషిని తెచ్చి ఆటలో కండలు తిరిగిన వస్తాదును చేశారు. తేలిక దెబ్బ, బరువు దెబ్బ, పిస్తోలు, చేతిబాంబు, ఆఖరి వేటు. వచ్చిన బంగారంతో కొత్త దెబ్బలు కొనుక్కోవడం. మధ్యమధ్యలో ఓడ ఫిరంగి దగ్గర నిలబడి ఎదుటి ఓడలను పేల్చడం. రష్యాలో సబాటినీకి తరతరాల పాఠకులున్నారు, సోవియట్ రోజుల నుంచీ ఆ పుస్తకం అక్కడ ఇళ్ళలో చదివిన పుస్తకం. ఆ పాఠకుల మధ్య పెరిగినవాళ్ళే ఈ డాక్టరుకు మెదడు తీసేసి కండలు అతికించారంటే మార్కెట్ ఫ్యాషన్ ఎంత గట్టిగా లాగిందో ఊహించుకోవచ్చు.

సరే, 2010కి ఎలాగో ఆట పూర్తయింది. రష్యా బయట అమ్మాల్సిన డచ్ కంపెనీ ప్లేలాజిక్ అదే ఏడాది దివాలా తీసింది. హక్కులు ఎవరివి, ఎవరు ఎక్కడ అమ్ముకోవచ్చు అన్నది చిక్కుముడి పడింది. అక్కడితో ఆట ఆగిపోయింది. షూటింగ్, డబ్బింగ్ అన్నీ అయిపోయి ఫైనాన్షియర్ల గొడవలో ల్యాబ్‌లో మగ్గిపోయిన సినిమాలు తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు. అయితే ఆ రీలు పాడవకుండా ఉంటే ఎన్నేళ్ళ తర్వాతైనా తెర మీద వేసుకోవచ్చు. ఆటకు ఆ సౌకర్యం లేదు. ఈ ఆటను అప్పట్లో తయారుచేసిన ఎక్స్‌బాక్స్ 360లో ఉన్నది ఐబీఎం పవర్‌పీసీ తరహా ప్రాసెసర్. ఇవాళ్టి ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్‌లు నడిచేది ఎక్స్86 మీద, స్విచ్ నడిచేది ఆర్మ్ మీద, అంటే వేరే తరహా ప్రాసెసర్ల మీద. సోర్స్ కోడ్, అంటే ఆట రాసిన అసలు ప్రోగ్రాము ఎక్కడో ఒకచోట భద్రంగా ఉండాలి, దాన్ని చదివి అర్థం చేసుకునేవాళ్ళు ఉండాలి, దాన్ని కొత్త యంత్రాల భాషలోకి మార్చాలి. పాత ఆటల హక్కులు వెతికి విడుదల చేసే స్నెగ్ అనే సంస్థ ముందుకొచ్చింది, ఆ మార్పిడి పని జనరల్ ఆర్కేడ్ అనే స్టూడియో చేసింది. నా దృష్టిలో ఈ కథలో పట్టుదల అనే మాట చెల్లేది వాళ్ళకే.

ఇప్పుడు ఆ కాగితాల గొడవే లేకుండా ఆట 2010లోనే వచ్చి ఉంటే ఏమయ్యేదో చూద్దాం. ఆ ఏడాది మొదటి మూడు నెలల్లోనే ‘డార్క్‌సైడర్స్’, పాశ్చాత్య మార్కెట్లో ‘బేయనెట్టా’, ‘డాంటేస్ ఇన్‌ఫెర్నో’, వాటన్నిటినీ తలదన్నే ‘గాడ్ ఆఫ్ వార్ 3’ వరసగా దిగాయి. నకలుకు పోటీగా అసలే దిగిన ఏడాది అది. ‘కెప్టెన్ బ్లడ్’ ఆ గుంపులో నలిగిపోయి, ఆరు నెలలకు డిస్కౌంట్ బుట్టలో తేలి, ఆ తర్వాత ఎవరికీ గుర్తుండేది కాదు. 2024 జులై 29న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360 ఆన్‌లైన్ స్టోర్‌ను మూసేసింది. దాంతో ఆ దారి కూడా బందయ్యేది. 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ జరిపిన అధ్యయనంలో, 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మామూలుగా కొనుక్కుందామన్నా దొరకవని తేలింది. అంటే సమయానికి విడుదలై మాయమైపోయిన వేల ఆటల కంటే, అప్పట్లో అసలు విడుదలే కాని ఈ ఆట ఇవాళ కొనడానికి తేలికగా దొరుకుతోంది.

దీని పక్కన ఇంకో సముద్రపు దొంగల ఆటను పెట్టి చూడాలి. యూబీసాఫ్ట్ సింగపూర్ స్టూడియో ‘స్కల్ అండ్ బోన్స్’. 2013లో వచ్చిన ‘అసాసిన్స్ క్రీడ్ 4: బ్లాక్ ఫ్లాగ్’లోని ఓడ యుద్ధాలు జనానికి తెగ నచ్చడంతో పుట్టిన ఆలోచన. 2017లో ప్రకటించారు. ప్రతి ఏడాదీ వచ్చే ఏడాది అంటూ 2024 ఫిబ్రవరి 16కు తెచ్చారు. మామూలు పెద్ద ఆటలను ట్రిపుల్ ఏ అంటారు కదా, కంపెనీ సీఈఓ ఈవ్ గిల్మో దీన్ని ఏకంగా నాలుగు ఏల ఆట అన్నాడు. సోషల్ మీడియాలో ఆ మాట ఇప్పటికీ జోకుగానే నడుస్తోంది. ఇక్కడ డబ్బుకు లోటు లేదు, దివాలా లేదు, కోర్టు లేదు. లేనిదల్లా ఏం చేయాలో ఒక నిర్ణయం. చివరికి వచ్చిన ఆటలో మనమే ఓడ. ఎదుటి ఓడను పట్టుకున్నాక కత్తి దూసి దూకుదామంటే కుదరదు, ఒక చిన్న వీడియో నడిచి సరుకు మన ఖాతాలో పడుతుంది.

రెండు ఆటలనూ కలిపి చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒకదానిలో కత్తి ఉంది, నడపడానికి సముద్రం లేదు. ఇంకోదానిలో సముద్రం ఉంది, దూయడానికి కత్తి లేదు. ఈ రెండూ ఒకేచోట, ముతకగానే అయినా, 2000 నాటి ‘సీ డాగ్స్’లోనే ఉన్నాయి. తయారీ ఏళ్ళ తరబడి సాగినప్పుడు ఆట పెరుగుతుందని బయటివాళ్ళం అనుకుంటాం. ఈ రెండింటిలో జరిగింది కోత. మార్కెటింగ్‌వాళ్ళు ఒక మాటలో చెప్పగలిగేదాకా కోసుకుంటూ వెళ్ళారు.

పని చేసినవాళ్ళ సంగతి ఎక్కువగా ఎవరూ మాట్లాడరు. ఆట విడుదల కాకపోతే రెజ్యూమేలో రాసుకోవడానికి ఏమీ ఉండదు. ఈ రంగంలో ఉద్యోగానికి వెళితే మొదట అడిగేది ‘ఏ టైటిల్ షిప్ చేశారు?’ అనే, అంటే ఏ ఆటను విడుదల దాకా తెచ్చారు అని. హైదరాబాద్‌లో విదేశీ ఆటలకు త్రీడీ ఆర్ట్ చేసిచ్చే స్టూడియోల్లోని కుర్రాళ్ళకు ఈ టెన్షన్ బాగా తెలుసు. ప్రాజెక్టు రద్దయితే ఏళ్ళ తరబడి చేసిన బొమ్మలను పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవడానికి కూడా గోప్యతా ఒప్పందం ఒప్పుకోదు. పుణె, ముంబై యూబీసాఫ్ట్ బృందాలు చేసిన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది శాండ్స్ ఆఫ్ టైమ్’ రీమేక్ 2020లో ప్రకటించాక, 2022లో మాంట్రియల్‌కు తరలిపోయింది. అప్పటిదాకా చేసిన పని అక్కడితో చేతులు మారింది.

పుస్తకాల ఒప్పందాల్లో ఒక పాత షరతు ఉంటుంది: ప్రచురణకర్త ఫలానా కాలం పాటు పుస్తకాన్ని అందుబాటులో ఉంచకపోతే హక్కులు రచయితకు తిరిగి వెళ్ళిపోతాయి. ఆటలకూ ఇది రావాలి. పూర్తయిన ఆటను ప్రచురణకర్త మూడేళ్ళలోపు అమ్మకపోతే, లేదా ఆ కంపెనీయే మూతపడితే, హక్కు తయారీదారుకు తిరిగి చేరాలి. దివాలా తీసిన కంపెనీ ఆస్తుల చిట్టాలో కుర్చీలూ బల్లలతో పాటు ఒక ఆట విడుదల హక్కు కూడా ఇరుక్కుపోవడంలో ఎవరికీ లాభం లేదు, అప్పులిచ్చినవాళ్ళకు కూడా. చిన్న స్టూడియోలు ఇంత బేరం ఆడగలవా అంటే, ఆడలేవు. కాబట్టే ఇది ఒక్కో ఒప్పందంలో కాకుండా పరిశ్రమ సంఘాలు తయారుచేసే నమూనా ఒప్పందాల్లోకి రావాలి.

ఇంతకీ ఆట ఎలా ఉంది? విమర్శకులు రెండుగా చీలారు. కాలం చెల్లిందన్నవాళ్ళు కొందరు, ఇలాంటిది ఆడి చాలా రోజులైందని ముచ్చటపడ్డవాళ్ళు కొందరు. ఇద్దరూ చెబుతున్నది ఒకే విషయం. కార్టూన్‌లా ఉబ్బిన బొమ్మలు, పట్టపగలు మెరిసే రంగులు, సమయానికి బటన్ నొక్కకపోతే మొదటికొచ్చే ఘట్టాలు, ఒకే తరహా శత్రువులు అలలు అలలుగా మీద పడటం, ఇదంతా 2010 నాటి రెండో వరస ఆటల సొంత వాసన. 2018లో ‘గాడ్ ఆఫ్ వార్’ స్వయంగా ఆ పద్ధతి వదిలేసి, కెమెరాను క్రేటోస్ భుజం వెనక్కి తెచ్చి, తండ్రీకొడుకుల కథ చెప్పుకుంది. అసలువాడు వదిలేసిన బట్టలు వేసుకుని నకలు ఇప్పుడు వీధిలోకొచ్చింది. రోజూ లాగిన్ అవ్వమనదు, సీజన్ పాస్ కొనమనదు, కొన్ని గంటల్లో అయిపోతుంది. ఈ మధ్య ఆటల్లో ఇది చిన్న గుణమేమీ కాదు.

ఓడ నడపాలని ఉంటే ‘బ్లాక్ ఫ్లాగ్’ ఆడండి. అసలు పీటర్ బ్లడ్ కావాలంటే సబాటినీ నవల ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే పాత పుస్తకాల వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంది. ఆలోచించే పని పెట్టుకోకుండా ఒక శనివారం సాయంత్రం కత్తి తిప్పాలనిపిస్తే మాత్రం ‘కెప్టెన్ బ్లడ్’ సేల్‌లో పడేదాకా ఆగి కొనుక్కోవచ్చు. ఇప్పటికే ఇంత ఆగింది, ఇంకో దీపావళి సేల్‌దాకా ఆగితే కొంపలేమీ మునగవు.