వైర్ లేదన్న ఒక్క కారణంతో కీబోర్డు కొనకండి

వైర్‌లెస్ కీబోర్డు కొనేటప్పుడు చాలామంది రెండే చూస్తారు: రేటెంత, మౌస్ కూడా కలిపి ఇస్తాడా. రోజుకి ఆరేడు గంటలు వేళ్లు ఆడించే వస్తువుని ఇలా ఎంచుకోవడం నాకు అస్సలు నచ్చదు. టేబుల్ మీద నుంచి కదలని కీబోర్డుకి వైర్ లేకపోవడం వల్ల వచ్చే లాభం చిన్నది. టేబుల్ శుభ్రంగా ఉంటుంది, కాగితాల మీద రాసుకోవాల్సి వస్తే పక్కకి నెట్టేయొచ్చు. అంతే. దానికి బదులుగా బ్యాటరీ, సిగ్నల్, నిద్రపోయే కీబోర్డు అనే మూడు తలనొప్పులు తెచ్చుకుంటున్నాం. కాబట్టి కీల అమరిక మన పనికి సరిపోతుందా అన్నదే మొదటి ప్రశ్న.

లెక్కల పని చేసేవాళ్లకి కుడివైపు నంబర్ ప్యాడ్ తప్పనిసరి. ఇందులో రాజీ లేదు. ట్యాలీలో రోజంతా వోచర్లు కొట్టే మనిషికి ముచ్చటగా ఉందని 84 కీల చిన్న కీబోర్డు ఇస్తే సాయంత్రానికి పని సగంలోనే ఉంటుంది. ఇంకో చిక్కు పై వరుసలో ఉంది. చాలా బ్లూటూత్ కీబోర్డుల్లో ఎఫ్ కీలు మామూలుగా నొక్కితే సౌండు తగ్గడం, పాట ఆగడం లాంటివి జరుగుతాయి. అసలు ఎఫ్8 కావాలంటే ఎఫ్‌ఎన్ కీ పట్టుకుని నొక్కాలి. ట్యాలీలో ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్. ఎక్సెల్‌లో ఎఫ్2, ఎఫ్4 లేకుండా గంట గడవదు. కొన్ని మోడళ్లలో ఎఫ్‌ఎన్, ఎస్కేప్ కలిపి నొక్కితే ఇది శాశ్వతంగా మారిపోతుంది, కొన్నింటికి కంపెనీ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి, చవకవాటిలో అసలు మారదు. కొనేముందే ఈ ఒక్క సంగతి కనుక్కోండి.

తెలుగులో టైపు చేసేవాళ్ల ఇబ్బంది గురించి ఏ రివ్యూలోనూ ఎవరూ మాట్లాడరు. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీల అమరికలో హల్లుల్లో చాలావరకు కుడిచేతి వైపు ఉంటాయి. ఇంగ్లీషువాళ్లకి ఎప్పుడో ఒకసారి పనికొచ్చే చివరి కీలే మనకి ముఖ్యమైనవి. సెమీకోలన్ మీద చ, దాని పక్కన అపాస్ట్రఫీ మీద ట, స్క్వేర్ బ్రాకెట్ మీద డ, స్లాష్ మీద య. "చెట్టు" అని కొట్టి చూడండి: సెమీకోలన్, జెడ్, అపాస్ట్రఫీ, డి, అపాస్ట్రఫీ, జి. ఆరు నొక్కుల్లో మూడు ఆ కుడి అంచులోనే పడ్డాయి. చవక మినీ కీబోర్డుల్లో చోటు మిగల్చడానికి సన్నగా కోసేది, కిందకో పైకో జరిపేది సరిగ్గా ఈ కీలనే. ఇంగ్లీషులో బాగానే నడిచిన కీబోర్డు మీద తెలుగు కొట్టబోతే ట బదులు ఎంటర్ పడుతుంది. డి కీ మీద పొల్లు ఉంటుంది కాబట్టి ప్రతి వత్తుకీ దాన్ని నొక్కాల్సిందే. ఆ కీ కాస్త బిగుసుకున్నా వత్తులన్నీ విడిపోతాయి. ఫొటో పెద్దది చేసి ఎల్ కీకి కుడివైపున్న కీలు మిగతా అక్షరాలంత వెడల్పు ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే అది తెలుగు రాసేవాళ్లకి పనికిరాదు, ఎంత తగ్గించి ఇచ్చినా సరే.

ఇక కనెక్షన్. డెస్క్‌టాప్‌కి యూఎస్‌బీ రిసీవర్ (కీబోర్డు సిగ్నల్ అందుకోవడానికి కంప్యూటర్‌కి గుచ్చే చిన్న ముక్క) ఉన్నదే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. కంప్యూటర్‌కి రిసీవర్ మామూలు యూఎస్‌బీ కీబోర్డులాగే కనిపిస్తుంది. అందుకే విండోస్ లోడ్ కాకముందు, బయోస్ అనే కంప్యూటర్ మూల సెట్టింగుల్లోకి వెళ్లాలన్నా, డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ దాని కీ అడిగినా పనిచేస్తుంది. బ్లూటూత్ కీబోర్డు చాలా మెషీన్లలో ఆ సమయంలో పలకదు. అప్పుడు ఎక్కడినుంచో ఒక వైర్ కీబోర్డు వెతికి తేవాలి. ల్యాప్‌టాప్, ట్యాబ్, ఫోను మూడింటికీ ఒకటే వాడాలనుకునేవాళ్లకి మాత్రం బ్లూటూత్‌దే మేలు. లాజిటెక్ కె380 లాంటివి మూడు డివైజ్‌ల మధ్య ఒక్క కీతో మారతాయి. కానీ దానికి నంబర్ ప్యాడ్ లేదని గుర్తుంచుకోండి.

అక్షరాలు మింగేస్తోంది, లేదా "కకకకక" అని ఒకే అక్షరం పరిగెడుతోంది అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కీబోర్డు తప్పు ఉండదు. కీ నొక్కామని ఒక సంకేతం, వదిలామని ఇంకో సంకేతం వెళ్తాయి. రెండోది దారిలో పోతే కంప్యూటర్ మనం ఇంకా నొక్కే ఉంచామనుకుని అక్షరాన్ని రిపీట్ చేస్తుంది. పోవడానికి కారణం ఎక్కువసార్లు నీలంరంగు యూఎస్‌బీ 3 పోర్టు. యూఎస్‌బీ 3 పరికరాల నుంచి, కేబుళ్ల నుంచి 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల రేడియో రొద లేస్తుందని 2012లో ఇంటెల్ స్వయంగా ఒక పత్రంలో వివరించింది. మన రిసీవర్ పనిచేసేదీ అక్కడే, చాలా వైఫైలు నడిచేదీ అక్కడే. దీనికి మందు చవక. రిసీవర్‌ని నలుపు యూఎస్‌బీ 2 పోర్టులోకి మార్చండి, పక్కనున్న పోర్టులో ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఉంటే దూరం జరపండి. ఇంకా తగ్గకపోతే ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ తెచ్చి రిసీవర్‌ని టేబుల్ మీదకి, కీబోర్డు కనిపించేంత దగ్గరికి తీసుకురండి. టేబుల్ కింద ఇనుప క్యాబినెట్ వెనక పోర్టులో గుచ్చి సిగ్నల్ రావట్లేదంటే ఎలా వస్తుంది?

రిసీవర్ పోతే ఏంటి పరిస్థితి అని కూడా అడగండి. చవక కాంబోల్లో చాలావరకు రిసీవర్, కీబోర్డు ఫ్యాక్టరీలోనే జత చేసి వస్తాయి. గోరంత ముక్క పోయిందంటే బాగా పనిచేస్తున్న కీబోర్డు చెత్తబుట్టలోకే. లాజిటెక్ యూనిఫైయింగ్, బోల్ట్ రిసీవర్లు విడిగా కొనుక్కోవచ్చు, ఒక్కోదానికి ఆరు డివైజ్‌ల దాకా కలపొచ్చు. అయితే పాత యూనిఫైయింగ్‌కీ, 2021లో వచ్చిన బోల్ట్‌కీ పొత్తు కుదరదు. ఏ గుర్తు ఉన్న కీబోర్డుకి ఆ రిసీవరే కొనాలి.

భద్రత విషయం తేలిగ్గా తీసుకోవద్దు. కొన్ని కంపెనీల చవక కీబోర్డులు అక్షరాలని ఎన్‌క్రిప్ట్ చేయకుండానే, అంటే రహస్య సంకేతాలుగా మార్చకుండానే గాల్లోకి వదులుతున్నాయని, దూరంగా ఉన్నవాళ్లు కూడా వాటిని పట్టుకోగలరని 2016లో బాస్టిల్ అనే సంస్థ బయటపెట్టింది. బ్యాంకు పాస్‌వర్డులు కొట్టే కీబోర్డు అయితే పెట్టె మీద ఏఈఎస్ (AES) ఎన్‌క్రిప్షన్ అని ఉందో లేదో చూడండి, లేకపోతే బ్లూటూత్‌కి వెళ్లండి. అలాగే మన దేశంలో వైర్‌లెస్ కీబోర్డుకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పెట్టె మీదో వెనక స్టిక్కర్ మీదో ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అసలుదో కాదో తేలిపోతుంది.

బ్యాటరీ సంగతి. టేబుల్ మీదే ఉండే కీబోర్డుకి నా ఓటు సెల్స్ మార్చుకునే రకానికే. రెండు ఆల్కలైన్ సెల్స్ నెలల తరబడి వస్తాయి, అయిపోతే నిమిషంలో మార్చేయొచ్చు. లోపల బిగించిన లిథియం బ్యాటరీ మూడునాలుగేళ్లకి నీరసపడితే విప్పి మార్చేవాళ్లు దొరకరు. పైగా ఛార్జింగ్ వైర్ పెడితే కీబోర్డు వైర్ మీద నడుస్తుందని అనుకోకండి. లాజిటెక్ ఎంఎక్స్ కీస్ మోడల్‌లో ఆ వైరు ఛార్జింగ్‌కి మాత్రమే. కీక్రాన్ లాంటి కంపెనీలవాటిలో వైర్ మీద కూడా నడిపించుకోవచ్చు. సెల్స్ రకంలో జాగ్రత్త ఒక్కటే: పాతదీ కొత్తదీ కలపొద్దు, నెల రోజులు వాడకపోతే తీసేయండి. స్ప్రింగ్ దగ్గర తెల్లటి పొడి కనిపిస్తే ఆల్కలైన్ సెల్ కారిందన్నమాట. గుడ్డ పెట్టి గోకితే పోదు. దూదిపుల్లని వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో కొద్దిగా ముంచి తుడిచి, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వాలి.

బ్యాటరీ మిగల్చడానికే చాలావాటిలో క్యాప్స్ లాక్ లైటు తీసేస్తారు. పాస్‌వర్డు తప్పు అని మూడుసార్లు వచ్చి అకౌంటు లాక్ అయ్యేది ఇందువల్లే. ఇంకోటి, కాసేపు వాడకపోతే కీబోర్డు నిద్రపోతుంది, లేచేలోగా మొదటి అక్షరం పోతుంది. ముందు షిఫ్ట్ ఒకసారి నొక్కి, క్షణం ఆగి పాస్‌వర్డు కొట్టడం అలవాటు చేసుకోండి.

మెకానికల్ (ప్రతి కీకి విడి స్విచ్ ఉండేది) గొప్పదా, మెంబ్రేన్ (కీలన్నిటి కింద ఒకే మెత్తటి పొర ఉండేది) గొప్పదా అన్న గొడవ ఆఫీసు పనికి అంత పెద్దది కాదు. నలుగురు కూర్చునే గదిలో టకటకలాడే బ్లూ స్విచ్‌లు మాత్రం వద్దు. కీబోర్డు అడుగున వెనక వైపు ఉండే చిన్న కాళ్లు మడిచే ఉంచండి, ఎత్తితే మణికట్టు వెనక్కి వంగి నొప్పి పెడుతుంది.

వచ్చిన రోజే పెట్టె పారేయకుండా పరీక్ష పెట్టండి. నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి కీ పదిసార్లు నొక్కండి. స్పేస్ బార్‌ని రెండు చివర్లా విడివిడిగా నొక్కి చూడండి, ఒక చివర మాత్రమే పలికితే లోపల తీగ సరిగా కూర్చోలేదు. వైఫైలో పెద్ద ఫైలు డౌన్‌లోడ్ పెట్టి, అది నడుస్తుండగా పేరా మొత్తం వేగంగా కొట్టండి. అరగంట వదిలేసి వచ్చి ఎంతసేపటికి లేస్తోందో చూడండి. ఒక్కటి తేడా కొట్టినా రిటర్న్ గడువు ముగియకముందే వెనక్కి పంపేయండి.