కాల్‌బ్యాక్ ఫంక్షన్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కాల్‌బ్యాక్ గారికి,

బటన్ నొక్కగానే నడవాల్సిన ఫంక్షన్ తమరే కదా, క్షేమమని తలుస్తాను. నా మధ్యాహ్నమే గంగలో కలిసింది.

పైథాన్‌లో విండోలు, బటన్లు తయారుచేసే టికింటర్‌లో 0 నుంచి 9 దాకా పది బటన్లు పెట్టాను. ఐ అనే వేరియబుల్‌ను 0 నుంచి 9 దాకా తిప్పే ఫర్ లూప్, లోపల ఐ విలువ చూపే ల్యాంబ్డా అనే పేరులేని చిన్న ఫంక్షన్, అంతా పద్ధతిగానే. సున్నా నొక్కితే 9. నాలుగు నొక్కితే 9. ఏది నొక్కినా 9! బటన్ తయారైనప్పుడు ఐ విలువెంతో తమరు పట్టించుకోరట. ఎవరో నొక్కాక, అప్పుడు తీరిగ్గా వెళ్లి చూస్తారట. అప్పటికి లూప్ ముగిసిపోయి, ఐ కాస్తా 9 దగ్గర ఆగిపోయి ఉంటుంది.

దీనికో మందుంది: ఐ విలువను అప్పటికప్పుడే పట్టుకునేలా ల్యాంబ్డా పక్కన ఐ=ఐ అని రాయడం. రాశాను, కుదిరింది. అదే లైను పైక్యూటీ అనే మరో విండోల లైబ్రరీలోకి తీసుకెళ్తే, బటన్ నొక్కారని చెప్పే అక్కడి క్లిక్డ్ సిగ్నల్, టిక్కు పడిందా లేదా చెప్పే 'చెక్డ్' అనే విలువను వెంటేసుకొచ్చింది. పిలవని పేరంటంలా వచ్చి, నేరుగా నా ఐ స్థానంలోనే చేరింది. ఇప్పుడు ఏ అంకె నొక్కినా ఫాల్స్! అయ్యా, అది టిక్కు పెట్టే బటనే కాదండీ!

అడిగింది ఇవ్వరు, అడగనిది అంటగడతారు. టికింటర్‌లోనే చూడండి, బటన్ కమాండ్‌కి తగిలిస్తే ఏమీ ఇవ్వరు. అదే ఫంక్షన్‌ను మీటలకు, మౌస్‌కు ముడిపెట్టే బైండ్‌కి తగిలిస్తే, ఏం జరిగిందో చెప్పే ఈవెంట్ ఇస్తారు, పుచ్చుకోకపోతే టైప్‌ఎర్రర్. స్కేల్ అనే జారుడు మీటను జరిపితే అంకె ఇస్తారు, అదీ స్ట్రింగ్‌గా, అంటే అక్షరాలుగా. మారితే చెప్పమని వేరియబుల్‌కి ట్రేస్ పెడితే ధారాళంగా మూడిస్తారు: పేరు, ఇండెక్స్, మోడ్. ఆ పేరు కూడా 'పీవై_వార్0'. మారిన విలువ తప్ప అన్నీ ఉన్నాయి! అది తెలియడానికే కదా ట్రేస్ పెట్టింది?

ఇక పొరపాటున ఫంక్షన్ పేరు పక్కన బ్రాకెట్లు పడ్డాయా, విండో తెరుచుకోకముందే పని కానిచ్చేస్తారు. ఆ తర్వాత ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు.

ఇంతకీ నేనడిగింది ఏమిటి? ఏ బటన్ నొక్కారో చెప్పమని. ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఇంత రాద్ధాంతమా? ఏం పనయ్యా ఇది! పిలిస్తే పలకడమే నీ ఉద్యోగం, అదైనా తిన్నగా చేయవా?

చివరికి పైథాన్ ఇచ్చే ఫంక్‌టూల్స్‌లోని పార్షియల్‌తో అంకెను ముందే కట్టి పడేశాను. నాలుగు నొక్కితే నాలుగే వచ్చింది. ఒప్పుకుంటాను, ఆ క్షణంలో ముద్దొచ్చావు. రేపు ఆ ఫంక్షన్‌కే కీబోర్డు మీటలు కూడా బైండ్ చేయాలి. ఆ ఈవెంట్‌ను మళ్లీ వెంటబెట్టుకునే వస్తావని తెలుసు. రా, చూసుకుందాం.