నాస్తికుడు స్వర్గంలో ఇమడగలడా?

దేవుణ్ణి నమ్మని మనిషిని తీసుకెళ్లి స్వర్గంలో కూర్చోబెడితే సుఖపడతాడా, ఇబ్బంది పడతాడా? కాలక్షేపానికి వేసుకునే ప్రశ్నలా కనిపిస్తుంది కానీ కాదు. తల్లి కార్తీక సోమవారాలు వదలకుండా ఉపవాసం ఉంటుంది, కొడుకు గుడి గడప తొక్కడు. తండ్రి చర్చి సంఘానికి పెద్ద, కూతురు ప్రార్థన మానేసింది. ఇలాంటి ఇళ్లలో ఇది రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని ప్రశ్న. ‘మనతోపాటు వాడు అక్కడికి రాడేమో’ అన్న దిగులు ఒకటైతే, ‘వచ్చినా ఉండలేడేమో’ అన్నది ఇంకొకటి.

ఉండలేడని గట్టిగా వాదించినవారిలో జాన్ హెన్రీ న్యూమన్ ఒకరు. తర్వాతి కాలంలో కేథలిక్ కార్డినల్ అయి, 2019లో పునీతుడిగా ప్రకటితుడైన న్యూమన్, 1826లో ఇంగ్లండులో ఇంకా పాతికేళ్ల ఆంగ్లికన్ మతగురువు. అప్పటి ప్రసంగంలో ఆయన చెప్పింది ఇది: స్వర్గం ఈ లోకంలా ఉండదు, చర్చిలా ఉంటుంది. ఈ లోకంలో ఎవరి వ్యాపకాలు వారికుంటాయి, అక్కడ దేవుడు తప్ప వేరే ధ్యాస ఉండదు. ఇక్కడ ఆరాధనలో మనసు నిలవనివాడు అక్కడ అనంతకాలం ఏం చేస్తాడు? ఒంటరివాడైపోతాడు. భక్తి లేనివాడికి స్వర్గమే నరకమవుతుంది. అతన్ని ఎవరూ గెంటేయనక్కర్లేదు, అతనికే అక్కడ ఊపిరాడదు.

ఈ వాదనలో నిజం ఉంది. కర్ణాటక సంగీతం చెవిన పడకుండా పెరిగినవాణ్ణి తీసుకెళ్లి తిరువయ్యారులో త్యాగరాజు పంచరత్న కీర్తనల గోష్ఠి మధ్య కూర్చోబెడితే, కాసేపటికే దారి వెతుక్కుంటాడు. లోపం కీర్తనలో లేదు, అతనిలోనూ లేదు. ఆనందానికి కూడా సాధన కావాలన్నదే న్యూమన్ మాట, దాన్ని నేను ఒప్పుకుంటాను. అయితే ఆయన ఆ మాట చెప్పింది నాస్తికులతో కాదు. ఎదురుగా బల్లల మీద కూర్చున్న విశ్వాసులతోనే చెప్పాడు. నమ్ముతున్నానని పైకి చెప్పడం చాలదు, మనసు మారి ఉండాలన్నది ఆయన హెచ్చరిక. ఆ కొలతతో కొలిస్తే మనలో ఎందరు నిలుస్తారు? వీసా రావాలని చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేసి, వచ్చాక నూట ఎనిమిది చేసి మొక్కు తీర్చుకునేవారిని నేను తప్పుపట్టను. కష్టంలో ఉన్న మనిషి ఎవరినో ఒకరిని అడుగుతాడు. కానీ అక్కడ అడిగింది వీసాని, దేవుణ్ణి కాదు. దేవుడే తప్ప మరేదీ ఉండని చోట ఈ భక్తుడికీ తోచదు. న్యూమన్ గీసిన గీత నమ్మకానికీ అపనమ్మకానికీ మధ్య లేదు, నమ్మేవాళ్ల మధ్యలోంచే పోతుంది.

మన పురాణాల స్వర్గం వేరు. అది ఇంద్రుడి ఊరు. పుణ్యానికి తగ్గ భోగం దొరికే చోటు. అక్కడ ఎవరికి మాత్రం బాగుండదు అనుకుంటాం. మహాభారతంలోనే దానికి జవాబు ఉంది, అరణ్యపర్వంలోని ముద్గలుడి కథలో. కోతలయ్యాక చేలల్లో రాలిన గింజలు ఏరుకుని బతికే మనిషి ముద్గలుడు. పదిహేను రోజులకొకసారి వండుకుని, అతిథికి పెట్టాకే తాను తినేవాడు. దుర్వాసుడు పిచ్చివాడి వేషంలో వరసగా ఆరుసార్లు వచ్చి, ఉన్నదంతా తిని, ఎంగిలి ఒంటికి పూసుకుని పోయినా ఆయన మొహం చిట్లించలేదు. దేవదూత విమానం తెచ్చి ఎక్కమన్నాడు. ముద్గలుడు ఎక్కలేదు. ‘ముందు అక్కడి మంచీ చెడూ చెప్పు’ అని అడిగాడు.

దూత దాచకుండా చెప్పాడు. ఆకలి, దప్పిక, చెమట, అలసట ఉండవు. బట్ట మాయదు, పూలదండ వాడదు. ఇక దోషాలు: తనకంటే గొప్పగా వెలిగేవారిని చూసి అసంతృప్తితో కాగిపోవాలి. పుణ్యం తరిగి మెడలోని దండ వాడడం మొదలైతే పతనభయం పట్టుకుంటుంది. పైగా చేసుకున్నది అనుభవించడమే తప్ప అక్కడ కొత్తగా చేయడానికేమీ లేదు. ఇది కర్మభూమి, అది ఫలభూమి. ముద్గలుడు నమస్కరించి విమానాన్ని తిప్పి పంపేశాడు. ఆయన నాస్తికుడు కాదు, పరమ నిష్ఠాపరుడు. అయినా స్వర్గం తనకు సరిపడదని తేల్చుకున్నాడు.

‘అక్కడ చేయడానికేమీ లేదు’ అన్న మాట దగ్గర నాకు గోరా గుర్తొస్తారు. గోపరాజు రామచంద్రరావు, వృక్షశాస్త్ర అధ్యాపకుడు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దాన్ని విజయవాడకు తెచ్చారు. భార్య సరస్వతితో కలిసి అంటరానితనం మీద పోరాడారు, అన్ని కులాలవారినీ ఒకే బంతిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టించారు. ఆయన కొడుకు లవణం, కోడలు హేమలత స్టూవర్టుపురంలో దొంగలన్న ముద్ర మోసినవారి మధ్య, నిజామాబాదు జిల్లాలో దేవతకు అంకితమిచ్చేసిన ఆడవాళ్లైన జోగినుల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు. ఇలాంటివారిని ఆకలీ కులమూ లేని చోటికి తీసుకెళ్తే విసుగు పుడుతుందా? పుడుతుందని కొందరు హేతువాదులే గర్వంగా అంటారు. బెర్నార్డ్ విలియమ్స్ అనే ఆంగ్ల తత్వవేత్త కూడా 1973లో, అంతులేని జీవితం ఎవరికైనా చివరికి విసుగే అవుతుందని వాదించాడు.

నేను ఒప్పుకోను. రోగాలు లేకుండా పోతే డాక్టరు ఏడవడు. అంటరానితనం పోవాలని బతుకంతా ధారపోసినవాడు అది లేని చోటు చూసి ముఖం మాడ్చుకుంటే, అతను ప్రేమించింది మనుషుల్ని కాదు, తన పోరాటాన్ని. గోరా అలాంటివారని నేననుకోను. ఇష్టమైన మనుషులతో మాటలకు, రాగానికి, చదువుకు, పసిపిల్లల నవ్వుకు కాలం చాలదంటాం గానీ ఎక్కువైందని ఎవరమూ అనం. విసుగు నాస్తికుణ్ణి స్వర్గం నుంచి వెళ్లగొట్టదు. దేవుడు కనిపించడమూ వెళ్లగొట్టదు. ఆధారం లేదని నమ్మనివాడికి ఆధారం ఎదురుగా నిలిస్తే ఆశ్చర్యపోతాడు, ప్రశ్నలడుగుతాడు. సేవాగ్రామంలో గాంధీగారితో గోరా నెమ్మదిగా, నిర్భయంగా మాట్లాడినట్టే మాట్లాడతాడు. నిజంగా దేవుడైనవాడికి ఆ ప్రశ్నల వల్ల కోపం వస్తుందని నేను నమ్మలేను.

అతన్ని అక్కడ నిలవనీయనిది ఒక్కటే: లోపలికి రాలేక బయటే మిగిలిపోయినవాళ్లు.

మహాభారతంలో చివరిదైన స్వర్గారోహణ పర్వం తెరిస్తే ఇది ఒళ్లు గగుర్పొడిచేలా కనిపిస్తుంది. ధర్మరాజు స్వర్గంలో అడుగు పెట్టగానే దుర్యోధనుడు మహావైభవంగా కూర్చుని ఉన్నాడు. తమ్ముళ్లు లేరు. వారి దగ్గరికి తీసుకెళ్లమంటే దేవదూత చీకటి దారి పట్టించాడు. నెత్తురూ మాంసమూ కలిసిన బురద, వెంట్రుకలు, ఎముకలు, ఇనుప ముక్కుల కాకులు, సలసల కాగే వైతరణి. కంపు భరించలేక ధర్మరాజు వెనక్కి తిరిగాడు. అప్పుడు చీకట్లోంచి గొంతులు: ‘కాసేపు ఉండు, నీ మీదుగా వచ్చే గాలి తగిలి మా బాధ తగ్గుతోంది.’ ఎవరని అడిగితే కర్ణుణ్ణి, భీముణ్ణి, అర్జునుణ్ణి అంటూ ద్రౌపది వరకూ ఒక్కొక్కరే పలికారు. ధర్మరాజు దేవతలను నిందించాడు, ధర్మాన్నే నిందించాడు. తాను ఇక్కడే ఉండిపోతానని, వెళ్లి మీవాళ్లతో చెప్పమని దూతను పంపేశాడు. ఆ తర్వాతే ఇంద్రాదులు వచ్చారు, చీకటి విడిపోయింది, అదంతా మాయ అని తెలిసింది. కానీ ధర్మరాజు నిర్ణయం తీసుకున్నది మాయ అని తెలియక ముందు. ఆ క్షణంలో దేవతలమీద ఆయనకున్న నమ్మకం నాస్తికుడికున్నంతే. మన సంప్రదాయం ఆ నిందకు ఆయన్ను శిక్షించలేదు, పరీక్షలో నెగ్గాడంది.

క్రైస్తవ సంప్రదాయంలో దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే మాట ఒకటుంది. పదమూడో శతాబ్దపు థామస్ అక్వినాస్, నరకంలోని వారి బాధను స్వర్గంలోని పునీతులు చూస్తారని, అందువల్ల తమ భాగ్యం వారికి ఇంకా మధురంగా తోస్తుందని రాశాడు. ఇతరుల బాధకు కాదు, దేవుడి న్యాయానికీ తమ విముక్తికీ సంతోషిస్తారని వివరణ ఇచ్చాడు. అంతటి మేధావి రాసిన ఈ మాట చదివితే నాకు మనసు చివుక్కుమంటుంది. కేథలిక్ చర్చి కూడా ఆ మాట దగ్గరే ఆగిపోలేదు. తమ తప్పు లేకుండా దేవుణ్ణి తెలుసుకోలేకపోయి, అంతరాత్మ చెప్పినట్టు బతికినవారికీ రక్షణ అందవచ్చని ఆ చర్చి పెద్దలు కూడిన రెండో వాటికన్ మహాసభ 1964లో ప్రకటించింది. మన వైపు చూస్తే, ‘ఓం నమో నారాయణాయ’ అనే తిరుమంత్రం బయటపెడితే నరకానికి పోతావని గురువు హెచ్చరించినా, రామానుజులు గుడి గోపురమెక్కి అందరికీ వినిపించారని వైష్ణవులు తరతరాలుగా చెప్పుకుంటారు. ఇంతమందికి మేలు జరుగుతుంటే నేనొక్కణ్ణి నరకానికి పోతేనేం అన్నారట.

గోపురమెక్కిన భక్తుడూ, సహపంక్తి వేయించిన నాస్తికుడూ ఒక్క విషయంలో ఒకే మనుషులు. సగం మందిని బయట నిలబెట్టిన విందులో ఇద్దరికీ ముద్ద దిగదు. కాబట్టి ‘నాస్తికుడు అక్కడ సుఖపడతాడా’ అని అడిగేవారు, నమ్మినవారు మాత్రం ఎలా సుఖపడతారో కూడా చెప్పాలి. కార్తీక సోమవారాలు చేసిన ఆ తల్లిని పైకి తీసుకెళ్లి, కొడుకును కింద వదిలేస్తే ఆమె ముందు అడిగేది ఏమిటో ఏ ప్రవచనకర్తా మనకు చెప్పనక్కర్లేదు. ఆమెకు కొడుకును మరిపించి సుఖపెట్టవచ్చని కొందరంటారు. మరిచిపోయినావిడ ఆ తల్లి కాదు.